టీపీఎం చిప్ కొనక్కర్లేదు, ఆన్ చేస్తే చాలు

విండోస్ 11 వేయబోతే "టీపీఎం 2.0 లేదు" అంటోందని, షాపతను కొత్త మదర్‌బోర్డు కొనమన్నాడని రాశారు కదా. ఆగండి, ఇప్పుడే డబ్బు తీయకండి. టీపీఎం అంటే కంప్యూటర్‌లో రహస్య కీలను భద్రంగా దాచే భాగం. మీది ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ అన్నారు. వాటిలో టీపీఎం పని ఫర్మ్‌వేరే (హార్డ్‌వేర్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) చేస్తుంది, విడిగా చిప్ అక్కర్లేదు. చాలా బోర్డుల్లో అది ఆఫ్‌లో ఉండిపోతుంది, అంతే.

రీస్టార్ట్ చేసి, స్క్రీన్ వెలగగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ టకటకా నొక్కుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యేముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్లండి. అసలు చిక్కు ఇక్కడే. ఎంత వెతికినా టీపీఎం అన్న పేరు కనబడకపోవచ్చు. ఇంటెల్‌లో దాన్ని పీటీటీ అంటారు, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. పెట్టినవాళ్లకే అర్థమయ్యే పేర్లు! సెక్యూరిటీ లేదా అడ్వాన్స్‌డ్ మెనూలో ఉంటుంది. ఎనేబుల్ చేసి సేవ్ కొట్టండి, చాలా బోర్డుల్లో ఎఫ్10.

ఇదంతా చేసేముందు ఒక్కటి చూసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే దాన్ని సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. బయోస్ మార్చాక విండోస్ ఆ కీ అడిగితే, అది లేకుండా మీ ఫైళ్లు తెరుచుకోవు. "క్లియర్ టీపీఎం" అని కనిపిస్తే దాని జోలికి వెళ్లకండి.

అయినా దొరక్కపోతే మదర్‌బోర్డు మోడల్ చెప్పండి, ఏ మెనూలో ఉందో చూసి చెప్తాను.