రెండు వేల రిపేరుకు ఎనిమిది లక్షల లోనా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. 2012లో ఆంధ్రాలో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది, నంబరు ఇంకా ఏపీదే. ఈ మధ్య సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో టెంపరేచర్ సూది ఎర్రగీత దాకా పోతోంది. ఒక గ్యారేజీ వాళ్లు థర్మోస్టాట్, వాటర్ పంపు, రేడియేటర్ అన్నీ మార్చాలని రూ.14,500 చెప్పారు. ఇంకో మెకానిక్ థర్మోస్టాట్, కూలెంట్ కలిపి రూ.2,200 అన్నాడు. వీధి చివర షెడ్డు అతనైతే ‘థర్మోస్టాట్ పీకేస్తే సరి, మన ఎండలకి అదెందుకు’ అంటున్నాడు. ఇంట్లో వాళ్లు రూ.8 లక్షల లోన్ తీసుకుని కొత్త కారు కొందామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఏం చేసినా ముందు ఆ బండిని రోడ్డెక్కించడం ఆపండి. జీతం పడ్డాక చూద్దాంలే అని సూది పైకి పోతున్న బండినే తిప్పితే ఇంజిన్ హెడ్ (ఇంజిన్ పైభాగం) వంగిపోతుంది, దాని కింద ఉండే గాస్కెట్ అనే సీలు పోతుంది. అప్పుడు బిల్లు వేలల్లో మొదలై పదుల వేలకు చేరుతుంది. ఇన్సూరెన్స్ ఇస్తుందనుకోకండి. మామూలు మోటార్ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు క్లెయిమ్ ఉండదు.

ఇక ఎస్టిమేట్ల సంగతి. థర్మోస్టాట్ అంటే ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉండే చిన్న వాల్వ్. లోపలి మైనం వేడికి ఉబ్బి, సుమారు 80-90 డిగ్రీల దగ్గర దాన్ని తెరుస్తుంది. మూసుకుని బిగుసుకుపోతే ఇంజిన్ కాగిపోతుంది. అయితే ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కి, రింగ్ రోడ్డు మీద స్పీడు అందుకోగానే సూది దిగుతుంటే ముందు రేడియేటర్ ఫ్యాన్‌ను అనుమానించాలి. దాని ఫ్యూజో రిలేయో పోయి ఉంటే మీ ఖర్చు రూ.2,200 కూడా కాదు. కాబట్టి ఫ్యాన్ చూడమనండి, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లీకేజీకి ప్రెషర్ టెస్ట్ చేయమనండి. ఆ తర్వాత థర్మోస్టాట్ విప్పి, మరిగే నీళ్ల గిన్నెలో వేసి మీ కళ్ల ముందే చూపించమనండి. తెరుచుకోకపోతే పోయినట్టే. వాటర్ పంపు కారుతోందని, రేడియేటర్ పూడిపోయిందని చూపిస్తే అవీ మార్పించండి. ‘పాత బండి కదా సార్, అన్నీ మార్చేద్దాం’ అన్నది మాత్రం కారణం కాదు.

షెడ్డు అతని సలహా మన దగ్గర చాలా మంది పాటించేదే. నేనైతే వద్దంటాను. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలా సేపు పడుతుంది, మైలేజీ పడిపోతుంది, ఇంజిన్ అరుగుదల పెరుగుతుంది. ఈ రోజు మిగిలిన రెండు వేలను పెట్రోల్ బంకులో కొద్దికొద్దిగా కట్టేస్తారు.

కొత్త కారు లెక్క చూడండి. రూ.8 లక్షలు, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు రూ.16,600. వడ్డీ ఒక్కటే రూ.1.96 లక్షలు. మీ బండికి పెద్ద ఎస్టిమేట్ రూ.14,500 మొత్తం పెట్టి, ఇంకో ఏడాది మాత్రమే నడిపినా నెలకు రూ.1,200 పడుతుంది. ‘అమ్మితే ఎంతొస్తుంది, దానికి ఇంత పెట్టాలా’ అని చాలామంది అడుగుతారు. మీరు అమ్మడం లేదు, వాడుకుంటున్నారు. అందుకే ఖర్చును రీసేల్ ధరతో కాదు, ఈఎంఐతో పోల్చండి.

ఒక్క సందర్భంలో నా సలహా మారుతుంది. డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల) తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే, కూలెంట్ అందులో కలిసినట్టే, గాస్కెట్ పోయి ఉండొచ్చు. ఇంజిన్ విప్పే పనైతే అంత డబ్బు ఈ బండి మీద పెట్టకండి.

మీరు అడగలేదు కానీ నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ ఏపీ నంబరు. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలని చట్టం. అంటే ఏపీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), కర్ణాటకలో బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్. పైగా 2027లో 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష, ఆర్‌సీ రెన్యువల్‌కు రూ.5,000 ఫీజు, గ్రీన్ ట్యాక్స్. ఇవన్నీ కలిపి ఎంతవుతుందో ఆర్‌టీఓలో ఇప్పుడే కనుక్కోండి. బండి ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ అంకె వచ్చాక ఆలోచించాల్సిన విషయం, థర్మోస్టాట్‌ను బట్టి కాదు.

ఈలోగా నెలకు రూ.4,000 బ్యాంకు ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) వేయండి. ఏ రిపేరు వచ్చినా అందులోంచే. మిగిలింది కొత్త కారు డౌన్ పేమెంట్‌కు పనికొస్తుంది. గ్యారేజీ బిల్లు క్రెడిట్ కార్డు మీద గీకితే గడువు లోపల మొత్తం కట్టేయండి, మినిమం కట్టి వదిలేస్తే నెలకు మూడు శాతం పైనే వడ్డీ పడుతుంది.