పుప్పొడి నుంచి నిలకడైన గోధుమ వంగడం

ప్రశ్న: గోధుమ పరాగకోశాలను (పువ్వులో పుప్పొడి తయారయ్యే సంచులను) ప్రయోగశాలలో పెంచి, ఒక్క తరంలోనే స్థిరమైన వంగడాలను తీస్తారని వృక్షశాస్త్రం చదువుతున్న మా అమ్మాయి చెప్పింది. ఫలదీకరణ లేకుండా పుప్పొడి నుంచి మొక్క ఎలా వస్తుంది? ఇది జన్యుమార్పిడి పంటేనా?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: జన్యుమార్పిడి కాదు. బయటి జన్యువు ఏదీ ఇందులో చేరదు. సంకరంలో ఉన్నవే త్వరగా స్థిరపడతాయి. మామూలు పద్ధతిలో, సంకర మొక్కలోని విషమ జన్యుజతలు (రెండు వేర్వేరు రూపాలున్న జతలు) స్వపరాగ సంపర్కం వల్ల తరానికి సగం చొప్పున మాత్రమే తగ్గుతాయి కనుక, పైరు ఒకే తీరుగా నిలవడానికి అయిదారు తరాలు పడుతుంది.

గోధుమ కణంలో 42 క్రోమోజోములుంటే పుప్పొడి రేణువులో 21 ఉంటాయి. పొట్ట దశలో, లేత రేణువులో ఇంకా ఒకే కేంద్రకం ఉండగా వెన్నులను కోసి, కొన్ని రోజులు సుమారు 4 డిగ్రీల చలిలో ఉంచి, ఆ తరువాత పరాగకోశాలను మాల్టోజ్ అనే చక్కెర కలిపిన పోషక యానకంలో వేస్తారు. ఆ ఒత్తిడికి కొన్ని రేణువులు తమ సహజ మార్గం విడిచి పిండాలుగా ఎదుగుతాయి. ఈ విశేషాన్ని 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త జాతి మొక్కలో తొలిసారి చూపారు. మన దేశంలో జరిగిన ఇంత మౌలికమైన పని పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంతో ముగిసిపోవడం విచారకరం.

21 క్రోమోజోముల మొక్కలో వాటికి జతలుండవు కనుక గింజ కట్టదు. కొన్నింటిలో క్రోమోజోములు తమంతట తామే రెట్టింపవుతాయి. మిగతావాటిని, క్రోమోజోములను రెట్టింపు చేసే కాల్చిసిన్ అనే రసాయన ద్రావణంలో ఉంచుతారు. అప్పుడు ప్రతి జన్యువుకూ దాని నకలే జతగా నిలుస్తుంది. దీనివల్ల ఎంపిక కూడా సులువవుతుంది: వేర్వేరుగా సంక్రమించే అయిదు జన్యువులూ కోరిన రూపంలో స్థిరపడిన మొక్క రెండో తరంలో సగటున 1,024కు ఒకటి దొరికితే, ఇక్కడ 32కు ఒకటి దొరుకుతుంది.

అయితే చిక్కంతా తెల్ల మొక్కలతోనే. పత్రహరితం లేని ఆ మొక్కలు యానకంలో బతికినా మట్టిలో నిలవవు. కొన్ని రకాల్లో ఇవే అధికంగా వస్తాయి, మరికొన్నింటిలో పిండాలే సరిగా రావు. అందుకే చాలామంది ప్రజననకారులు గోధుమ పువ్వుపై మొక్కజొన్న పుప్పొడి చల్లే మార్గాన్ని ఎంచుకుంటారు. ఫలదీకరణ జరిగినా మొక్కజొన్న క్రోమోజోములు పిండం నుంచి తొలగిపోతాయి. మిగిలిన గోధుమ పిండాన్ని వేరుచేసి పెంచుతారు. ఇందులో తెల్ల మొక్కల బెడద దాదాపు లేదు. శ్రమ మాత్రం ఎక్కువే, ఎందుకంటే ప్రతి పువ్వులోని పరాగకోశాలనూ ముందుగా చేత్తో తీసివేయాలి.

విశాఖలో గోధుమ పొలాలు లేకపోయినా, మీ అమ్మాయి ఖాళీ స్థలాల్లో పెరిగే ఉమ్మెత్త లేత మొగ్గలోని పరాగకోశాన్ని అసిటోకార్మిన్ అనే రంగు ద్రావణంలో నలిపి, కళాశాల సూక్ష్మదర్శిని కింద ఆ ఏకకేంద్రక దశను చూడవచ్చు. ఉమ్మెత్త విషపూరితం, చేతులు కడుక్కోమని చెప్పండి.