వ్యాపారం లెక్కలన్నీ ఐఆర్‌ఎస్ ముందు పెట్టాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: టెక్సాస్‌లో నేనూ మా బావమరిదీ కలిసి ఆరేళ్లుగా ఒక చిన్న రెస్టారెంటు నడుపుతున్నాం. ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి ఎస్ కార్పొరేషన్‌గా రిటర్నులు వేస్తున్నాం. పన్నెండుమంది పనివాళ్లున్నారు. మా ముందు రోడ్డు తవ్వేసి ఏడాదిపాటు అలాగే వదిలేయడంతో గిరాకీ సగానికి పడిపోయింది. జీతాలు ఆపలేక, అద్దె ఆపలేక నాలుగు క్వార్టర్లు పేరోల్ ట్యాక్స్ (జీతాల మీద కట్టే పన్ను) కట్టలేదు. వడ్డీ, పెనాల్టీలతో కలిపి ఇప్పుడు 68 వేల డాలర్లయింది. పోయిన వారం ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) రెవెన్యూ ఆఫీసరు నేరుగా షాపుకే వచ్చి వ్యాపారం లెక్కలన్నీ రాయాల్సిన 433-బి అనే ఫారం, తేవాల్సిన కాగితాల జాబితా చేతిలో పెట్టి గడువు చెప్పి వెళ్లారు. అన్నీ రాసిస్తే మనమే తాళాలు వాళ్ల చేతికిచ్చినట్టు కాదా అంటున్నాడు మా బావమరిది. క్యాటరింగ్ వ్యాను నా భార్య పేరు మీదకి మార్చేయమని ఒక ఫ్రెండు సలహా ఇచ్చాడు. వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కి అప్లై చేద్దామనుకున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: ముందు ఆ వ్యాను సంగతి. దాన్ని కదిలించకండి. గత 10 ఏళ్లలో వ్యాపారం ఆస్తి దేన్నైనా అసలు విలువకంటే తక్కువకు ఎవరికైనా మార్చారా అని ఆ ఫారమే అడుగుతుంది. మార్చి 'లేదు' అని రాస్తే అబద్ధం, 'అవును' అని రాస్తే ఆఫీసరు మొదట దాని మీదే కూర్చుంటారు. ఫారం చివర మీరు పెట్టే సంతకం, అబద్ధమైతే శిక్షకు ఒప్పుకుంటున్నాను అని చెప్పి పెట్టేది. తెలిసి తప్పు రాస్తే మూడేళ్ల వరకు జైలు పడే నేరం అది. ఇవాళ మీ మీద ఉన్నది బాకీ ఒక్కటే, బాకీని తీర్చుకోవచ్చు. దాన్ని కేసు దాకా తీసుకెళ్లే సలహాలు ఎవరిచ్చినా, ఎంత దగ్గరివాళ్లైనా, వినకండి.

ఇంకో మాట కాస్త గట్టిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. 68 వేలూ మీ కంపెనీ ట్యాక్సే అని మీరు అనుకుంటున్నట్టున్నారు. కాదండీ. ఒక క్వార్టర్‌లో జీతాలు 40 వేలు అనుకుందాం. అందులో పనివాళ్ల వాటా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం, అంటే 3,060 డాలర్లు మీరు వాళ్ల జీతంలోంచి పట్టుకున్నారు. ఇన్‌కమ్ ట్యాక్స్ కింద ఇంకో 4 వేలు పట్టుకున్నారనుకోండి. ఆ 7,060 ఏ రోజూ మీ డబ్బు కాదు. వంటమనిషి, గిన్నెలు తోమే కుర్రాడు, ఆర్డర్లు తీసుకునే అమ్మాయి, వాళ్ల డబ్బది, మీ దగ్గర నమ్మి ఉంచినది. మీ వాటా 3,060 కలిపితే ఆ క్వార్టర్ బాకీ 10,120. ఐఆర్‌ఎస్ ఈ రెండు భాగాలనూ వేరుగా చూస్తుంది. ఆ 7,060ని కంపెనీ కట్టలేకపోతే మీ మీదా, మీ బావమరిది మీదా వ్యక్తిగతంగా వేయగలదు. ట్రస్ట్ ఫండ్ రికవరీ పెనాల్టీ అంటారు దీన్ని. ఎల్‌ఎల్‌సీ ఉంది కదా, ఇల్లు జోలికి రారు అన్న ధైర్యం ఇక్కడ పనిచేయదు.

అందుకే మొదటి పని ఫారం నింపడం కాదు. ఈ వారం జీతాలకు కట్టాల్సిన పేరోల్ ట్యాక్స్ (దీన్నే డిపాజిట్ అంటారు) ఈ వారమే కట్టండి. పాత బాకీకి వాయిదాలు అడుగుతూ కొత్త బాకీ పెంచుకుంటున్న వ్యాపారాన్ని ఏ ఆఫీసరూ నిలవనివ్వరు. డిపాజిట్ 15 రోజులు దాటి ఆలస్యమైతే 10 శాతం పెనాల్టీ పడుతుంది, నోటీసు వచ్చాక కూడా కట్టకపోతే 15 శాతం. కూరగాయలవాడికి ఒక వారం ఆలస్యంగా ఇవ్వండి, మీకు మీరు జీతం తగ్గించుకోండి, ఇది మాత్రం ఆపకండి. వేయని రిటర్నులుంటే డబ్బు లేకపోయినా సరే వేసేయండి.

ఇక ఫారం. దాని వెనక అనుమానాలు పెట్టుకోకుండా చూస్తే అది అడిగేది రెండే: మీ దగ్గర ఏముంది, నెలనెలా ఎంత మిగులుతుంది. బ్యాంకు ఖాతాలు, గల్లాపెట్టెలో నగదు, రావాల్సిన బాకీలు, వాహనాలు, సామాన్లు, అప్పులు, ఆ తర్వాత నెల ఆదాయం, ఖర్చులు. బ్యాంకు స్టేట్‌మెంట్లు మూడు నెలలవి తక్కువ కాకుండా జతచేయాలి. ఆఫీసరు ఇంకా ఎక్కువ అడగొచ్చు.

ఒక సాయంత్రం షాపు మూసేశాక మీరిద్దరూ వంటింట్లో నిలబడి సామాన్ల జాబితా రాయండి. తందూరు, వాకిన్ కూలరు, గ్రైండరు, స్టీలు బల్లలు, ఫ్రయ్యర్లు. ఒక్కోదానికి కొన్న ధర కాకుండా ఇవాళ వాడిన సామాను అమ్మేచోట ఏమొస్తుందో చూడండి. పదకొండు వేలు పెట్టి కొన్న కూలరుకు ఇవాళ రెండు వేలు కూడా రాకపోవచ్చు, అలాంటివి నాలుగైదు చూశాక మీ భయం సగం తగ్గుతుంది. ఆ సామాన్లు పట్టుకుపోతే ఐఆర్‌ఎస్‌కు వచ్చేది చాలా తక్కువ, షాపు నడిస్తే వచ్చేది చాలా ఎక్కువ. ఆ సంగతి వాళ్లకు అర్థమయ్యేలా చెప్పేది ఆ జాబితానే. మీ బావమరిదికి ఈ ముక్క చెప్పండి.

ఆదాయం దగ్గర చాలామంది తప్పులు చేస్తారు. డెలివరీ యాప్ మీ ఖాతాలో వేసేది తన కమీషన్ పట్టుకోగా మిగిలింది. మీరు ఆ మిగిలిన సొమ్మునే అమ్మకంగా రాస్తే, యాప్ కంపెనీ ఐఆర్‌ఎస్‌కు పంపే 1099-కె లెక్కకూ మీ లెక్కకూ పొంతన ఉండదు, మీరు దాచినట్టు కనిపిస్తుంది. మొత్తం అమ్మకం ఆదాయంలో, కమీషన్ ఖర్చులో రాయండి. మీ అకౌంటెంటు వేసిన తరుగుదల ఖర్చు ఇక్కడ రాయకూడదు, ఎందుకంటే అది చేతిలోంచి పోయిన డబ్బు కాదు. తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తెచ్చి ఖాతాలో వేసి ఉంటారు కదా, ఎవరు, ఎప్పుడు, ఎంత అని ఒక కాగితం మీద రాయించి ఉంచుకోండి. లేకపోతే ఆ చేబదులు సొమ్మంతా అమ్మకం కింద పడిపోయి, నెలకు మీరు కట్టగలిగేది ఎక్కువని తేలుతుంది. అలాగే జెల్‌లో (బ్యాంకు ఖాతాలోంచి ఫోన్‌తో డబ్బు పంపే పద్ధతి) బావమరిదికి పంపిన డబ్బులు. జీతమా, లాభంలో వాటానా, అప్పు తీర్చడమా? స్టేట్‌మెంట్ చూడగానే ఆఫీసరు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది, అప్పటికప్పుడు ఆలోచించి చెప్పే జవాబు ఎవరినీ నమ్మించదు.

మీ పర్సనల్ లెక్కలకు 433-ఎ కూడా అడుగుతారు, ఆశ్చర్యపోకండి. అమెరికా బయట ఆస్తులున్నాయా అన్న ప్రశ్న అందులో ఉంటుంది. ఊళ్లో ప్లాటు, నాన్నగారు మీ పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎన్‌ఆర్‌ఈ ఖాతా, అన్నీ రాయండి. 2015లో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరాక ఇండియా బ్యాంకులు అమెరికా ట్యాక్స్ కట్టేవాళ్ల ఖాతాల వివరాలు పంపుతూనే ఉన్నాయి. ఇక్కడ చాలామందికి ఇది తెలిసీ తెలియనట్టుంటుంది, దానివల్లే మునుగుతారు. విదేశీ ఖాతాల్లో మొత్తం ఏ రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలిచ్చే రిపోర్టు) వేయాలి, అది వేయకుండా వదిలేసి ఉంటే ఈ ఫారం ఇచ్చే ముందే లాయరుతో మాట్లాడండి.

డబ్బు కట్టేటప్పుడు తెలుసుకోవాల్సింది ఒకటుంది, చాలామందికి ఎవరూ చెప్పరు. వాయిదాల ఒప్పందం కుదరకముందు, జప్తు లేకుండా మీ అంతట మీరు కట్టే సొమ్ము దేనికి జమ చేయాలో మీరే చెప్పొచ్చు. చెక్కు మీదా, జతచేసిన ఉత్తరంలోనూ 941 (పేరోల్ ట్యాక్స్ రిటర్ను నంబరు), ఏ క్వార్టర్, 'ట్రస్ట్ ఫండ్ భాగానికి జమ చేయగలరు' అని ఇంగ్లీషులో స్పష్టంగా రాయండి. రాయకపోతే ఐఆర్‌ఎస్ తనకు అనుకూలమైన చోట, మామూలుగా మీ మీద వ్యక్తిగతంగా పడని భాగానికే ముందు వేసుకుంటుంది. బంధువుల దగ్గర 15 వేలు సర్దగలిగితే ఈ పద్ధతిలోనే కట్టండి.

బాకీ 25 వేలలోపుకు దించి, మిగిలింది 24 నెలల్లో తీర్చగలిగితే, పేరోల్ బాకీకి కూడా మామూలుగా ఈ లెక్కలన్నీ లేకుండానే వాయిదాలు దొరికే దారి ఉంది. 68 నుంచి 25కి దిగడం మీకు కష్టమే, అయినా చెప్తున్నాను. రేడియోలో 'బాకీలో పైసావంతు కడితే చాలు' అని వచ్చే ప్రకటనలను నమ్మకండి. రాజీ ఆఫర్ (బాకీ మొత్తంకంటే తక్కువకు తేల్చుకోవడం) అనేది నిజంగానే ఉంది, కానీ దరఖాస్తు ఫీజు 205 డాలర్లు, ఒకేసారి కడతానంటే ఆఫర్‌లో 20 శాతం ముందే పంపాలి, అది వెనక్కి రాదు. పైగా ఈ క్వార్టర్, దానికి ముందు రెండు క్వార్టర్ల డిపాజిట్లు సరిగా ఉండాలి. మీకు అవి లేవు. నడుస్తున్న షాపుకు వాయిదాలే దారి అని నా అభిప్రాయం.

గడువులోగా పూర్తి కాకపోతే ఊరుకోకుండా ఫోన్ చేసి అడగండి, దొరికినంతవరకు కాగితాలు ముందే పంపండి. పలకకుండా ఉండిపోతే తర్వాత వచ్చేది జప్తుకు ఆఖరి నోటీసు. దాని మీద ఉన్న తేదీ నుంచి 30 రోజుల్లో 12153 ఫారంతో హియరింగ్ అడిగే హక్కు మీకుంది. అదీ దాటి బ్యాంకు ఖాతా మీద జప్తు పడితే, బ్యాంకు ఆ డబ్బును 21 రోజులు ఆపి ఉంచి తర్వాత పంపుతుంది. జీతాల ముందురోజు అలా ఖాతా ఆగిపోయిన ఒక గ్యాస్ స్టేషన్ ఆయన నా దగ్గరికి వచ్చారు. ఆయన డ్రాయరులో తెరవని ఐఆర్‌ఎస్ కవర్లు తొమ్మిది దొరికాయి. ఏడ్చేశారండీ. మీరు ఆ దాకా వెళ్లలేదు, కవరు తెరిచారు, రాసి అడిగారు.

సిటిజన్‌షిప్ ఫారంలో చెల్లించాల్సిన ట్యాక్స్ బాకీ ఉందా అని అడుగుతారు. బాకీ కంపెనీ మీదే ఉందా, మీ మీదకు వచ్చిందా అన్నదాన్ని బట్టి జవాబుంటుంది. మీ మీదకు వచ్చినా వాయిదాల ఒప్పందం, క్రమంగా కడుతున్న రసీదులు చూపగలిగితే పరిస్థితి చాలా మారుతుంది. అప్లై చేసే ముందు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి. ఇంత మొత్తానికి మీరొక్కరే ఆఫీసరు ముందు కూర్చోవద్దు. సీపీఏ, ఎన్‌రోల్డ్ ఏజెంట్ (ఐఆర్‌ఎస్ లైసెన్సున్న పన్ను నిపుణుడు), ట్యాక్స్ అటార్నీ, వీళ్లలో ఒకరికి 2848 ఫారం మీద అధికారం ఇస్తే మీ తరఫున వాళ్లే మాట్లాడతారు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఇంటి నుంచే పచ్చళ్లు, పిండివంటల ఆర్డర్లు చేస్తాను. కంపెనీ ఏమీ లేదు, నా పేరు మీదే. రెండేళ్ల ట్యాక్స్ 14 వేలు బాకీ. నేనూ 433-బి నింపాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా. అది కార్పొరేషన్లకు, భాగస్వామ్యాలకు, ఎల్‌ఎల్‌సీలకు. సొంత పేరు మీద చేసేవాళ్లకు 433-ఎ, అది కూడా అడిగితేనే. వడ్డీ, పెనాల్టీలతో కలిపి 50 వేలలోపు బాకీకి, రిటర్నులన్నీ వేసి ఉంటే, ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లోనే వాయిదాల ప్లాన్ పెట్టుకోవచ్చు, లెక్కలు చూపించాల్సిన పని సాధారణంగా రాదు. ఈ ఏడాది నుంచి ఏడాదికి నాలుగుసార్లు ముందుగానే కట్టే ఎస్టిమేటెడ్ ట్యాక్స్ మొదలుపెట్టండి, లేకపోతే వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ ఇదే బాకీ తయారవుతుంది. పచ్చళ్ల సీజన్‌లో వచ్చే డబ్బులోంచి ఒక భాగం వేరే ఖాతాలో పడేయండి.

ప్రశ్న: నేను యజమానిని కాదు, ఒక స్టోరులో మేనేజర్ని. చెక్కుల మీద సంతకం నాదే. ట్యాక్స్ తర్వాత చూద్దాం, సరుకువాళ్లకు ముందు ఇవ్వమని ఓనరు చెప్తే అలాగే చేశాను. ఇప్పుడు ఐఆర్‌ఎస్ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది. నా మీద పడుతుందా?
– ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: పడొచ్చండీ, పైన చెప్పిన ట్రస్ట్ ఫండ్ రికవరీ పెనాల్టీ. ఎవరికి డబ్బు ఇవ్వాలో నిర్ణయించే అధికారం మీకుందా, ట్యాక్స్ కట్టలేదని తెలిసీ వేరేవాళ్లకు ఇచ్చారా, ఈ రెండే చూస్తారు. ఓనరు చెప్పారు కాబట్టి చేశాను అన్న మాటను కోర్టులు చాలాసార్లు ఒప్పుకోలేదు. మీరు కేవలం సంతకం పెట్టేవారు, ఏ బిల్లు కట్టాలో రోజూ ఓనరే రాసిచ్చేవారు అయితే ఆ మెసేజ్‌లు, ఈమెయిళ్లు ఇవాళే భద్రం చేసుకోండి. ఆ ఇంటర్వ్యూకి 4180 అనే ఫారం ఉంటుంది, మీరు చెప్పేవన్నీ అందులో రాసుకుంటారు, అందుకని లాయరు లేకుండా వెళ్లకండి, ఓనరు పెట్టిన లాయరు మీకు పనికిరాడు. ఆ తర్వాత 1153 అనే ఉత్తరం వస్తే అప్పీలుకు మీకుండేది 60 రోజులు, ఆ ఉత్తరం మీద ఉన్న తేదీని క్యాలెండరులో రాసిపెట్టుకోండి.