షేర్డ్ మెమరీలో దాచిన పాయింటర్ రెండో ప్రాసెస్‌లో సెగ్‌ఫాల్ట్ ఎందుకు ఇస్తుంది?

అడిగింది ఇదీ: లైనక్స్ మీద సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామ్, 256 ఎంబీ షేర్డ్ మెమరీ (చాలా ప్రాసెస్‌లు కలిసి వాడుకునే మెమరీ), అందులో ఒక లింక్డ్ లిస్ట్ (ప్రతి నోడూ తర్వాతి నోడ్ అడ్రస్‌ని, అంటే పాయింటర్‌ని దాచుకునే జాబితా). ఫోర్క్ చేసి (నడుస్తున్న ప్రాసెస్‌కి నకలు తీసి) చూస్తే బాగానే నడుస్తోంది. లిస్ట్ చదివే రీడర్‌ని విడి ప్రోగ్రామ్‌గా మొదలుపెడితే సెగ్‌ఫాల్ట్ (తాకకూడని అడ్రస్‌ని తాకి ప్రోగ్రామ్ ఆగిపోవడం). పైగా ప్రాసెస్‌ల మెమరీ చూపించే టాప్ కమాండ్‌లో నాలుగు ప్రాసెస్‌లూ తలా 256 ఎంబీ తింటున్నట్టు చూపిస్తోంది.

రెండు సమస్యలకీ మూలం ఒకటే. ఉమ్మడిగా ఉండేది ర్యామ్‌లోని పేజీలు (మెమరీ ముక్కలు) మాత్రమే. అడ్రస్ ఏ ప్రాసెస్‌ది ఆ ప్రాసెస్‌దే. మెమరీని ప్రాసెస్‌కి తగిలించే ఎంమ్యాప్ కాల్ మీకు ఇచ్చేది మీ సొంత పేజ్ టేబుల్‌లోని (ఏ అడ్రస్‌కి ఏ పేజీ అని రాసుకునే పట్టికలోని) ఒక చోటు. పక్క ప్రాసెస్‌లో అదే పేజీ ఇంకో చోట కూర్చుంటుంది.

లెక్క కోసం అడ్రస్‌ల చివరి 8 అంకెలే రాస్తున్నాను. లిస్ట్ రాసే రైటర్‌లో సెగ్మెంట్ (ఆ షేర్డ్ మెమరీ) 70000000 దగ్గర మొదలైంది, రీడర్‌లో 70450000 దగ్గర. రైటర్ తన నోడ్ అడ్రస్ 70002000 అని లిస్ట్‌లో రాసింది. రీడర్‌కి ఆ నోడ్ ఉన్నది 70452000 దగ్గర. రీడర్ వెళ్లి 70002000 తెరిస్తే అక్కడ ఏమీ లేకపోతే సెగ్‌ఫాల్ట్, అది అదృష్టం. అక్కడ రీడర్ సొంత హీప్ (నడుస్తుండగా తీసుకున్న మెమరీ) ఉందనుకోండి, చడీచప్పుడూ లేకుండా చెత్త చదువుతుంది, లేదా దాని మీదే రాసేస్తుంది. ఫోర్క్‌లో ఇది బయటపడదు, ఎందుకంటే పిల్ల ప్రాసెస్‌కి తల్లి అడ్రస్‌లే యథాతథంగా వస్తాయి. ఎగ్జెక్‌తో వేరే ప్రోగ్రామ్ మొదలయ్యాక అడ్రస్ స్పేస్ కొత్తది, అడ్రస్‌లని కావాలనే కలగాపులగం చేసే ఏఎస్ఎల్ఆర్ వల్ల ప్రతిసారీ చోటు మారుతుంది. అందుకే ఫోర్క్‌తో చేసిన టెస్ట్‌ని నమ్మొద్దు.

పాయింటర్ బదులు సెగ్మెంట్ మొదటి నుంచి ఎన్ని బైట్ల దూరమో ఆ ఆఫ్‌సెట్ దాచండి. 4 జీబీ లోపు సెగ్మెంట్‌కి 32 బిట్ల అన్‌సైన్డ్ సంఖ్య చాలు. మొదటి 64 బైట్లు హెడర్‌కి వదిలేస్తే 0 దగ్గర ఏ నోడూ ఉండదు కాబట్టి 0ని నల్‌గా (ఏమీ లేదనే గుర్తుగా) వాడుకోవచ్చు. చదివేటప్పుడు ఆ ప్రాసెస్‌లో సెగ్మెంట్ మొదలైన అడ్రస్‌కి కలపడమే. ఎంమ్యాప్‌కి మ్యాప్_ఫిక్స్‌డ్ ఆప్షన్ ఇచ్చి రెండు వైపులా ఒకే అడ్రస్ బలవంతం చేద్దామని చాలామంది ప్రయత్నిస్తారు. అక్కడ ముందే ఏదైనా మ్యాప్ అయి ఉంటే అడక్కుండా తుడిచేస్తుంది. వద్దు.

దాక్కున్న పాయింటర్లూ ఉంటాయి. వర్చువల్ ఫంక్షన్లున్న క్లాస్, వెక్టర్, స్ట్రింగ్, వీటిని సెగ్మెంట్‌లో పెట్టకూడదు. చిన్న స్ట్రింగ్ అయితే అక్షరాలు లోపలే ఉంటాయిగా అనుకోకండి: జీసీసీతో వచ్చే లైబ్రరీలో స్ట్రింగ్ తన లోపలి బఫర్‌కే పాయింటర్ పెట్టుకుంటుంది. నిర్ణీత పొడవున్న క్యారెక్టర్ అర్రే వాడండి.

ఇక టాప్ లెక్క. రెస్ అనే కాలమ్ తాకిన ప్రతి పేజీనీ ప్రతి ప్రాసెస్‌లో పూర్తిగా కలుపుతుంది, కాబట్టి నాలుగు 256లు కలిపి 1 జీబీలా కనిపిస్తుంది. /ప్రాక్ కింద ఆ పీఐడీ ఫోల్డర్‌లో ఎస్‌మ్యాప్స్_రోలప్ తెరిచి పీఎస్ఎస్ చూడండి. అది పేజీని పంచుకున్న వాళ్ల సంఖ్యతో భాగిస్తుంది: ఈ సెగ్మెంట్ వాటా తలా 64 ఎంబీ. అక్కడే ప్రైవేట్_డర్టీ (ఈ ఒక్క ప్రాసెస్‌కే ఉన్న, మారిన పేజీలు) ఊహించనంత పెరుగుతుంటే ఎంమ్యాప్‌లో మ్యాప్_షేర్డ్ బదులు మ్యాప్_ప్రైవేట్ పడిందేమో చూసుకోండి. అప్పుడు ఒక్క బైట్ రాసినా 4096 బైట్ల పేజీ మొత్తం కాపీ అయి మీకే మిగిలిపోతుంది, పక్కవాళ్లకి కనిపించదు. ఎర్రర్ కూడా రాదు.

డాకర్ కంటైనర్‌లో నడిపితే ఇంకో గుంట ఉంది. షేర్డ్ మెమరీకి అక్కడ డిఫాల్ట్ 64 ఎంబీ. సెగ్మెంట్ సైజు పెట్టే ఎఫ్‌ట్రంకేట్ 256 ఎంబీకి సరేనంటుంది, ఎందుకంటే అది పొడవు రాసుకుంటుందే తప్ప చోటు తీసిపెట్టదు. 64 దాటి రాయగానే సిగ్‌బస్ సిగ్నల్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఎఫ్‌ట్రంకేట్ తర్వాత, చోటు నిజంగా తీసిపెట్టే పోసిక్స్_ఫాలొకేట్ పిలిస్తే చోటు లేని సంగతి అక్కడే తెలుస్తుంది. ఎర్రర్ కోడ్ దాని రిటర్న్ విలువలోనే వస్తుంది, మామూలుగా ఎర్రర్ కోడ్ ఉండే ఎర్ర్‌నోలో వెతక్కండి. కంటైనర్‌ని ఎస్‌హెచ్‌ఎం-సైజ్ ఆప్షన్‌తో 512 ఎంబీకి పెంచి నడపండి.

సెగ్మెంట్‌లో మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి రానిచ్చే లాక్) ఉంటే దానికి ప్రాసెస్-షేర్డ్, రోబస్ట్ అనే రెండు సెట్టింగులూ పెట్టాలి. రెండోది మర్చిపోతే, లాక్ పట్టుకున్న ప్రాసెస్ చచ్చిన రోజున మిగతా మూడూ అలాగే ఎదురుచూస్తూ కూర్చుంటాయి.