స్లైడ్ అంతా పచ్చగా ఉంటే?

ప్రశ్న: ఈమధ్యే ఒక కంపెనీ బోర్డులో ఇండిపెండెంట్ డైరెక్టర్‌గా చేరాను, లెక్కల తనిఖీని పర్యవేక్షించే ఆడిట్ కమిటీలో కూడా ఉన్నా. మోసాల రిస్క్ మీద ప్రతి మీటింగ్‌లో ఒక్క స్లైడే, అన్నీ పచ్చ రంగే, అంటే సమస్యేమీ లేదని. ఏం అడగాలండి?

జవాబు: అన్నీ పచ్చగా ఉన్నాయంటేనే నాకు అనుమానం. ముందు విజిల్‌బ్లోయర్ ఫిర్యాదులు (కంపెనీలో తప్పు జరుగుతోందని లోపలివాళ్లు ఇచ్చేవి) ఎవరు చదువుతున్నారో అడగండి, ఎందుకంటే మోసాలు ఆడిట్‌లో కంటే ఎవరో ఉప్పందిస్తేనే ఎక్కువ బయటపడతాయి, ఆ ఫిర్యాదు సీఎఫ్‌ఓ (కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి) మీదే అయితే ఆయన టేబుల్ దాటి మీ దాకా వస్తుందా లేదా అన్నదే అసలు సంగతి. తర్వాత బ్యాంకు బ్యాలెన్స్. 2020లో జర్మనీ కంపెనీ వైర్‌కార్డ్ లెక్కల్లో చూపించిన 190 కోట్ల యూరోలు కనపడకుండా పోయాయి, కాగితాలు మాత్రం ఉన్నాయి! మీ కంపెనీ ఖాతాలో ఇంత డబ్బు ఉందని చెప్పే కన్ఫర్మేషన్ బ్యాంకు నుంచి ఆడిటర్‌కి నేరుగా వచ్చిందా, మేనేజ్‌మెంట్ చేతుల మీదుగా వచ్చిందా? క్వార్టర్ చివర్లో మాన్యువల్‌గా వేసిన జర్నల్ ఎంట్రీల (లెక్కల్లో మనుషులు విడిగా చేర్చిన పద్దుల) లిస్టు కూడా తెప్పించుకోండి. ఇంటర్నల్ ఆడిట్ హెడ్‌తో మేనేజ్‌మెంట్ లేకుండా విడిగా కూర్చోండి, మొహమాటం వద్దు.