పెళ్లి క్యాసెట్లలో దాగిన హైదరాబాద్

ప్రశ్న: నాన్నగారికి కోఠీలో వీడియో స్టూడియో ఉండేది. 1988 నుంచి 2001 దాకా తీసిన 140 వీహెచ్‌ఎస్ క్యాసెట్లు అటక మీదున్నాయి. ఎక్కువగా పెళ్లిళ్లు, బరాత్‌లు, కొన్ని వినాయక నిమజ్జనాలు. కొన్నిటి లోపల తెల్లగా పట్టింది. డీవీడీల్లోకి ఎక్కించమంటారా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: డీవీడీల్లోకి వద్దండీ. ముందు ఆ తెల్లటిదేమిటో చూడండి. క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేస్తే టేపు చుట్ట అంచున సాలెగూడు దారాల్లా కనిపించేది బూజు. దాన్ని అలాగే వీసీఆర్‌లో పెడితే బొమ్మను చదివే హెడ్లకు అంటుకుని, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకూ పాకుతుంది. పొరలు అతుక్కుని ఉంటే టేపు తెగుతుంది కూడా. బూజు పట్టినవన్నీ వేరుచేసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో రెండు మూడు వారాలు ఆరనివ్వండి. ఆ తర్వాత మాస్కు పెట్టుకుని, ఆరుబయట, వెనక ఉన్న ఐదు స్క్రూలు విప్పి, పీచు రాలని పొడిగుడ్డతో చుట్ట అంచులు తుడిచి, శుభ్రమైన వేరే క్యాసెట్ డొల్లలోకి మార్చాలి.

బాగున్న క్యాసెట్లకైనా వెన్ను మీది చిన్న ప్లాస్టిక్ పలకను ముందే విరిచేయండి. అది ఉన్నంతకాలం, రికార్డు బటన్ మీద పొరపాటున వేలు పడితే చాలు, పాత బొమ్మ చెరిగిపోతుంది. తర్వాత ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పితే బిగువు సమానమవుతుంది.

హెడ్డు తుడవడంలోనే చాలామంది వీసీఆర్ పాడుచేసుకుంటారు. చెవి పుల్లలు వాడొద్దు, దూది పోగు హెడ్డుకు చిక్కుకుంటుంది. మెత్తటి షామీ తోలు ముక్కను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, హెడ్లుండే గుండ్రటి డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పండి. పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది.

బొమ్మ పైభాగం వంగినా, ఫ్రేములు జారినా తరచుగా కారణం సాగిన టేపు. దానికి టైమ్ బేస్ కరెక్టర్, అంటే బొమ్మ గీతల వేళ తప్పితే సరిదిద్దే పరికరం, కావాలి. అది లేకుండా చవక యూఎస్‌బీ పరికరంతో ఎక్కిస్తే గంట గడిచేసరికి మాటకూ పెదవికీ పొంతన ఉండకపోవచ్చు. 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్‌ను (సరి, బేసి గీతలు వంతులవారీగా వచ్చే తీరును) మార్చకుండా, నాణ్యత పోకుండా కుదించే ఎఫ్‌ఎఫ్‌వీ1 పద్ధతిలో ఎంకేవీ ఫైలుగా దాచండి. గంటకు సుమారు 30 జీబీ అవుతుంది. ఒక్కో క్యాసెట్ మూడు గంటలనుకుంటే మీ 140కి 420 గంటలు, దాదాపు 12.6 టీబీ. డీవీడీలో రెండు గంటల బొమ్మను 4.7 జీబీకి కుదిస్తారు. దుకాణాల బోర్డుల మీది అక్షరాలు ముందు పోయేది అక్కడే. అమెరికా బంధువులు పంపినవి మాత్రం అక్కడి టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ. వాటికి 480 గీతలు, 29.97 ఫ్రేములు. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, మూడో ప్రతిని వేరే ఇంట్లో ఉంచండి.

ఇంకో మాట. మిక్సింగ్ చేసి, సినిమా పాటలు కలిపిన క్యాసెట్ కన్నా, కెమెరాలోంచి వచ్చిన అసలు టేపు వెయ్యి రెట్లు విలువైనది. పాట వేసినచోట బ్యాండు మేళం, వీధి అరుపులు, పెద్దావిడ దక్కనీ మాట అన్నీ పోతాయి. బరాత్ సుల్తాన్ బజార్‌లో నడిచేటప్పుడు వెనకున్న బోర్డులు, డబుల్ డెక్కర్ బస్సు, సోడాబండి – వాటిని తీయాలని అప్పుడు ఎవరూ అనుకోలేదు, అందుకే అవి అంత సహజంగా ఉన్నాయి. “బోర్ కొడుతుంది” అని ఒక్క నిమిషం కూడా కోయకండి.

ప్రశ్న: ఈ వీడియోలను జనానికి చూపించే హక్కు స్టూడియోదా, పెళ్లివారిదా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫిల్ముకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారు. కాబట్టి కుటుంబాన్ని అడగాలి. ఆడవాళ్ల గదుల్లో తీసిన దృశ్యాల గురించి విడిగా అడగండి. బరాత్‌కు సరేనన్నవాళ్లు దీనికి కాదనవచ్చు. ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: ఒక్కో వీడియోకు ఏమేం రాసిపెట్టాలి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: తేదీ, వీధి, కెమెరా పట్టినవారు ఎలాగూ రాస్తారు. అసలు పని నిమిషం ప్రకారం రాయడంలో ఉంది: “00:14:20 – బ్యాంక్ స్ట్రీట్ మలుపు, ఎడమన చెప్పుల దుకాణం.” 2008లో మొదలైన పాడ్.మా అనే స్వతంత్ర వీడియో భాండారంలో ఇలాగే కాలరేఖ వెంట రాస్తారు, దాన్ని చూసి నేర్చుకోవచ్చు. ఆ వీధిలో పెరిగిన పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆడియో రికార్డర్ ఆన్ చేసి, వీడియో ఆపుతూ అడగండి. క్యాసెట్ మరో రెండేళ్లు ఆగినా ఆగుతుంది. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి.