పరాయి దేశం వెళ్తున్నాం, ఏం ఇచ్చి రావాలి?
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఎండాకాలం సెలవుల్లో ఎనిమిది మంది టీచర్లం కలిసి కంబోడియా వెళ్తున్నాం. ఆంగ్‌కోర్ వాట్ చూశాక ఏదైనా బడిలో, అనాథాశ్రమంలో ఒక పూట గడపాలని ఉంది. రెండు వందల నోటుబుక్కులు, పెన్నులు, చాక్లెట్లు ఇక్కడి నుంచే పట్టుకెళ్దామనుకుంటున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ

అనాథాశ్రమం ఆలోచన మానుకోండి. కటువుగా ఉన్నా ముందుగా చెప్పాల్సింది ఇదే. కంబోడియాలో ఇలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో దాదాపు ముప్పాతిక మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని అక్కడి ప్రభుత్వం, యూనిసెఫ్ చేసిన పరిశీలనల్లో తేలింది. చూడవచ్చే వాళ్ల చందాలే ఆదాయమైనప్పుడు పిల్లలు ఎంతమంది ఉంటే అంత రాబడి. చదువు చెప్పిస్తామని పల్లెల్లో అమ్మానాన్నలను నమ్మించి పిల్లల్ని తెచ్చి చేర్చిన ఆశ్రమాలున్నాయి. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు దీన్ని కూడా మనుషుల అక్రమ రవాణాగానే గుర్తించింది. ఇక రోజుకో కొత్త మనిషి వచ్చి ఎత్తుకుని, ముద్దు చేసి, ఫొటో దిగి వెళ్లిపోతుంటే ఆ పసివాళ్లు ఏమవుతారో టీచర్లకు వేరే చెప్పాలా!

బడి సంగతీ అంతే. ఎనిమిది మంది విదేశీయులు చెప్పాపెట్టకుండా మీ బడికొచ్చి, పాఠం ఆపించి, పిల్లలతో సెల్ఫీలు దిగుతామంటే మీ హెచ్‌ఎం ఒప్పుకుంటారా?

నోటుబుక్కుల లెక్క చూద్దాం. ఒక్కోటి పావుకిలో అనుకున్నా రెండు వందలంటే 50 కిలోలు. విమానంలో ఆ బరువుకు కట్టే డబ్బుతో ఆంగ్‌కోర్ పక్కనున్న సియమ్ రీప్ ఊరి బజారులోనే అవి కొనొచ్చు, అక్కడి దుకాణదారుకూ నాలుగు డబ్బులు మిగులుతాయి. కొనేముందు ఏం కావాలో, ఎన్ని కావాలో బడినే అడగండి. నోటుబుక్కులు నిరుడొచ్చిన వాళ్లిచ్చినవే అటకెక్కి ఉండొచ్చు. కావాల్సింది నీళ్ల ఫిల్టరు కావచ్చు. ఇలా అడిగి తీసుకెళ్లే వాళ్ల కోసం ‘ప్యాక్ ఫర్ ఎ పర్పస్’ అనే సంస్థ 2010 నుంచి పనిచేస్తోంది. ఏ ఊళ్లో ఏ బడికి, ఏ దవాఖానకు ఏం అవసరమో దాని వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. పెట్టెలో సుమారు 2.3 కిలోల చోటు ఉంచుకుంటే చాలు. సామాను మీరు దిగిన హోటల్‌లో అప్పగిస్తే వాళ్లే చేరవేస్తారు. పిల్లల చేతికి మీరే ఇవ్వాలన్న ఆశ మాత్రం వదులుకోవాలి.

చాక్లెట్లు అసలే వద్దు. గుళ్ల దగ్గర పోస్టుకార్డులు అమ్మే పిల్లల దగ్గర కొనకండి, మిఠాయిలు, డబ్బులు ఇవ్వకండి అని ఆంగ్‌కోర్ అధికారులు 2015లో తెచ్చిన సందర్శకుల నియమావళే చెబుతుంది. అమ్మకం బాగుంటే బిడ్డ బడి మానేస్తుంది. రాత్రిళ్లు బజారులో చంటిబిడ్డను ఎత్తుకుని ‘డబ్బు వద్దు, పాలడబ్బా కొనివ్వండి’ అనే వాళ్లూ తగులుతారు. మీరు అటు వెళ్లగానే ఆ డబ్బా తిరిగి దుకాణానికే చేరడం అక్కడ పాత మోసం.

మరి ఇవ్వగలిగిందేమిటి? మీరు కొనే 37 డాలర్ల ఆంగ్‌కోర్ టికెట్‌లో 2 డాలర్లు పిల్లలకు ఉచితంగా వైద్యం చేసే కంథా బోఫా ఆసుపత్రులకు వెళ్తాయి. ఆ ఆసుపత్రి సియమ్ రీప్‌లో కూడా ఉంది, యాత్రికుల దగ్గర రక్తం తీసుకుంటారు. పాస్‌పోర్ట్ పట్టుకెళ్లండి, తిని వెళ్లండి, డాక్టర్లు అడిగిన వాటికి దాచకుండా చెప్పండి. గుళ్ల మెట్లెక్కే రోజున, విమానమెక్కే రోజున మాత్రం వద్దు. ఒక సాయంత్రం ఫేర్ సర్కస్‌కు వెళ్లండి. ఆ డబ్బు బట్టంబాంగ్‌లో 1994లో మొదలైన కళల బడికి చేరుతుంది. నేరుగా విరాళం ఇస్తే రసీదు తీసుకోండి కానీ ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు ఆశించకండి, అది మన దేశంలో నమోదైన సంస్థలకే.

సింగరేణిలో పనిచేసే ఆరుగురం అక్టోబర్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ వెళ్తున్నాం. పోర్టర్ల మీద ఎంత బరువు వేయొచ్చు? కొండను పాడుచేయకుండా రావడమెట్లా?
– గోదావరిఖని

బరువు మోసే వాడి కష్టం బొగ్గుబాయి ఊరికి కొత్త కాదు కాబట్టి నేరుగా లెక్కలోకి వెళ్దాం. పోర్టర్ల రక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ బృందం నేపాల్‌కు పెట్టిన గరిష్ఠ పరిమితి 30 కిలోలు. ఎత్తు, మంచు, దారిని బట్టి ఇంకా తగ్గించాలి. ఇద్దరికి ఒక పోర్టర్, మీ సంచి ఒక్కోటి 10–11 కిలోలు, మిగిలింది అతని సొంత సామానుకు. ఆరుగురికి ముగ్గురు. ఏజెన్సీ ఖర్చు తగ్గిస్తానన్నదంటే, చాలాసార్లు మూడు సంచులు ఒకే వీపు మీదికి ఎక్కాయనే అర్థం. చేతి కాటా ఒకటి వెంట పెట్టుకుని, నడక మొదలయ్యే లుక్లాలో మీ కళ్ల ముందే తూకం వేయించండి.

బయానా ఇచ్చే ముందే ఏజెన్సీని ఇవి అడగండి: పోర్టర్లకు బీమా ఉందా? రాత్రి ఎక్కడ పడుకుంటారు? చలికోటు, బూట్లు, మంచు కళ్లద్దాలు ఎవరిస్తారు? జబ్బు చేస్తే కిందికి తోడు ఎవరు వెళ్తారు? పోర్టర్లంతా ఎత్తైన కొండల్లో పుట్టినవాళ్లు కారు. దిగువ ఊళ్ల నుంచి వచ్చే వాళ్లే చాలామంది. ఎత్తు జబ్బు మీకు వచ్చినట్టే వాళ్లకూ వస్తుంది, కూలీ పోతుందని పైకి చెప్పరు. తలనొప్పి, వాంతులు, తూలుడు కనిపిస్తే ఒంటరిగా దింపకండి.

బహుమతి డబ్బు చివరి రోజున నేపాలీ రూపాయల్లో, ఎవరి కవరు వాళ్ల చేతికే ఇవ్వండి. గైడ్‌కు మొత్తం ఇచ్చి పంచమనడం వద్దు. ఎవరెస్ట్ ఉన్న సాగర్‌మాత పార్కు ప్రవేశం ఇతర విదేశీయులకు 3,000 నేపాలీ రూపాయలైతే మనలాంటి సార్క్ దేశాల వాళ్లకు 1,500. మిగిలిన ఆ సగం పోర్టర్ కవరులోకి వెళ్తే బాగుంటుందని మా ఉద్దేశం. పాత చలికోట్లు ఇవ్వాలనుంటే ఖాట్మండులో ‘కీప్’ అనే సంస్థ పోర్టర్లకు బట్టలు అరువిచ్చే బ్యాంకు నడుపుతోంది.

ప్లాస్టిక్ బాటిల్ నీళ్లు కొనకండి. క్లోరిన్ మాత్ర వేస్తే లీటరు నీటికి అరగంట పడుతుంది. నీళ్లు బాగా చల్లగా ఉంటే గంట ఆగాలి. ఆగకుండా తాగి కడుపు చెడగొట్టుకున్నాక మాత్రను తిట్టుకుంటారు. వాడిన బ్యాటరీలు, మందుల స్ట్రిప్పులు మీతోనే కిందికి తెండి. దిగేటప్పుడు దారిలోని నామ్చే ఊరి దగ్గర కిలో చెత్త సంచులు ఇస్తారు, ‘క్యారీ మీ బ్యాక్’ అని పేరు. ఒక్కొక్కరు ఒకటి తీసుకుని లుక్లాలో అప్పగిస్తే ఆరు కిలోలు కొండ దిగినట్టు.

థాయ్‌లాండ్‌లోని క్రాబీ వెళ్తున్నాం. పగడపు దిబ్బలకు హాని జరగకుండా ఏం చేయాలి?
– కరీంనగర్

సన్‌స్క్రీన్ ట్యూబు వెనక చదవండి. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, 4-మిథైల్‌బెంజిలిడిన్ క్యాంఫర్, బ్యూటైల్‌పారాబెన్ – వీటిలో ఏది ఉన్నా థాయ్‌లాండ్ సముద్ర పార్కుల్లో 2021 ఆగస్టు నుంచి నిషేధం. జరిమానా లక్ష బాత్‌ల దాకా. జింక్ ఆక్సైడ్ రకం కొనండి, లేదా నిండు చేతుల ఈత చొక్కా వేసుకోండి. అదే మేలు, పూయాల్సిన చోటే తగ్గుతుంది. చేపలకు బ్రెడ్ వేయకండి. తాడ్వాయి అడవి దారిలో కోతులకు బిస్కెట్లు వేసినట్టే అది: పాచి తినాల్సిన చేప బ్రెడ్‌కు మరిగితే, పాచి పెరిగి పగడాన్ని కమ్మేస్తుంది. అలసిపోతే పగడం మీద నిలబడకండి, వెల్లకిలా తేలండి.

మా పెద్దోడు దుబాయిల డ్రైవర్. నేను, మా ఇంటామె మూడు నెలలకు పోతున్నం. మా ఊరోళ్లు కొందరు క్యాంపుల జీతాల్లేక అవస్థ పడుతున్నరట. వాట్సాప్ గ్రూపుల అడిగి తలా ఇంత జమజేసి ఇద్దామనుకుంటున్నం. చెట్లు గూడ పెట్టాలని ఉంది. తప్పేమన్న ఉంటదా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

గ్రూపులో చందాలు అడగకండి. దుబాయి ఉన్న యూఏఈ దేశపు 2021 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అనుమతి పొందిన సంస్థలు తప్ప ఎవరూ జనం దగ్గర విరాళాలు పోగుచేయకూడదు. మంచి మనసుతో చేశామంటే వినరు. జైలు, భారీ జరిమానా ఉన్నాయి. రంజాన్‌లో అన్నం పొట్లాలు పంచాలన్నా అనుమతి కావాలి.

ఆపదలో పడ్డ మనవాళ్లకు కాన్సులేట్ దగ్గర 2009 నుంచి ‘ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్’ ఉంది. పరిస్థితి చూసి టికెట్టు, అత్యవసర వైద్యం, చనిపోయిన వారిని స్వదేశానికి పంపే ఖర్చు దాని నుంచి భరిస్తారు. జీతం రాకుంటే కార్మికుడే అక్కడి మానవ వనరుల శాఖకు ఫిర్యాదు పెట్టాలి. అతని కాంట్రాక్టు, జీతం చీటీలు, బ్యాంకు మెసేజ్‌లు ఫొటో తీయించి ఒకచోట పెట్టించడం మీరు చేయగల అసలు సాయం. కాగితాల్లేకే చాలా ఫిర్యాదులు ఆగిపోతాయి.

చెట్టు సంగతికొస్తే, అక్కడ ‘ఘాఫ్’ అని పిలిచే వాళ్ల జాతీయ వృక్షం మన జమ్మిచెట్టే. మొక్కలు నాటే కార్యక్రమాలు నగరపాలక సంస్థలు, పర్యావరణ బృందాలు పెడతాయి. అబ్బాయితో పేరు నమోదు చేయించండి. ఎడారిలో మీ అంతట మీరు నాటొద్దు, ఇంటి నుంచి గింజలు పట్టుకెళ్లొద్దు. దసరా అక్కడే చేసుకుంటే ‘బంగారం’ కోసం కొమ్మ విరవకండి, ఆ చెట్టుకు అక్కడ చట్టం కాపలా ఉంది. కింద రాలిన ఆకులు ఏరుకుంటే అలాయ్ బలాయ్‌కి సరిపోతాయి.